బిక్వీద్: ఇచ్చినవాడు పోయాకే ఇచ్చినట్టు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ఇవాళ ఒక్క క్రియ గురించే మాట్లాడతాను, ఒక్క మాటకి ఇంతసేపా అని మొహాలు పెట్టకండి, ఆ మాట చుట్టూ పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ లాయర్లూ ఫాదర్లూ రాజులూ బోలెడంతమంది ఉన్నారు. మాట బిక్వీద్.

ముందు పలకడం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఈ మాటని చెవులతో విన్నవాళ్ళ కంటే పేపర్లో చూసి సొంతంగా పలికేసేవాళ్ళే ఎక్కువ. బి తర్వాత క్వీ, దీర్ఘం ఉంది, ఒత్తి పలకాల్సింది కూడా అక్కడే. ఊపిరి తీసుకోవడాన్ని బ్రీద్ అంటాం కదా, దానితో ప్రాస కుదురుతుంది. డెత్‌తో కలిపేసి బిక్వెత్ అనకండి. అర్థాన్ని బట్టి చూస్తే చావుతోనే ప్రాస కుదరాలి, కానీ కుదరదు, ఏం చేస్తాం. చివరి శబ్దం కొంతమంది ‘దిస్’లో ఉన్నట్టు అంటారు, కొంతమంది ‘థింక్’లో ఉన్నట్టు అంటారు, డిక్షనరీల్లో రెండూ ఉన్నాయి, దానిమీద ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దు.

ఇప్పుడు అర్థం. తన ఆస్తి తన తర్వాత ఎవరికి పోవాలో వీలునామాలో రాసి ఇవ్వడం, అదీ బిక్వీద్ అంటే. ఇందులో మనం జారిపడే చోటు ఒకటుంది. మనకి తెలుగులో ‘రాసిచ్చాడు’ అనే మాట ఉంది కదా, చాలా సుఖమైన మాట అది. ‘మావయ్య ఇల్లంతా కూతురికి రాసిచ్చేశాడు’ అంటాం. అది నిన్న రిజిస్ట్రేషన్ ఆఫీసుకెళ్ళి గిఫ్ట్ డీడ్ చేశాడా, లేక వీలునామా రాసి బీరువాలో పెట్టాడా, అసలు మావయ్య ఉన్నాడా పోయాడా, ఇవేవీ ఆ మాట చెప్పదు, వినేవాళ్ళకి ముందే తెలిసుంటుంది కాబట్టి మనకి ఇబ్బంది లేదు. ఆ అలవాటుతో రాసిచ్చాడు అనగానే బిక్వీద్ అని అనువదించేస్తాం. ‘మై ఫాదర్ బిక్వీద్డ్ మీ హిజ్ కార్’ అన్నారనుకోండి, ఎదుటివాడు మొహం దించుకుని ‘అయ్యో, ఐయామ్ సారీ’ అంటాడు. మీరేమో నాన్నగారు బయట పార్కింగ్‌లో వెయిట్ చేస్తున్నారు అంటారు. ఆ మనిషి బతికుండగా, తన చేత్తో తానే ఇచ్చేస్తే అది గివ్, లేదా గిఫ్ట్, కాగితాల భాషలో అయితే ట్రాన్స్‌ఫర్. పోయాకే చేతులు మారితే బిక్వీద్. చావు ఆ మాట లోపలే ఉంది, విడిగా చెప్పక్కర్లేదు.

దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. జె. ఎం. బ్యారీ అనే బ్రిటిష్ రచయిత, పీటర్ పాన్ పాత్రని సృష్టించినాయన, ఆ పాత్ర మీద హక్కుల్ని 1929లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి ఇచ్చేశాడు. ఆయన పోయింది 1937లో. మరి ‘బ్యారీ బిక్వీద్డ్ ది రైట్స్ ఇన్ 1929’ అని రాయొచ్చా? రాయకూడదు. అప్పటికి ఆయన నిక్షేపంగా ఉన్నాడు. 1929లో జరిగినదానికి గేవ్ అనాలి, డొనేటెడ్ అన్నా సరిపోతుంది. అయితే తర్వాత తన వీలునామాలో కూడా ఆ ఇచ్చినదాన్ని మళ్ళీ ఖాయం చేశాడు, కాబట్టి ఆ వీలునామా గురించి మాట్లాడేటప్పుడు బిక్వీద్ వాడితే ఎవరూ తప్పుపట్టలేరు. ఒకే ఆస్తి, ఒకే ఆసుపత్రి, సంవత్సరం మారేసరికి క్రియ మారిపోయింది చూశారా.

మరి వీలునామాలో ‘ఐ బిక్వీద్’ అని వర్తమానకాలంలోనే రాస్తారు కదా, రాసేటప్పుడు మనిషి బతికే ఉంటాడు కదా అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ ఆ వాక్యం రాసిన రోజున ఏ పనీ చెయ్యదు. అది రాసినాయన పోయేదాకా కాగితంలో ఊరికే పడుంటుంది. ఈలోపు ఆయన మనసు మార్చుకుని చింపేసి ఇంకోటి రాసుకోవచ్చు, అందుకే ‘నాకు బిక్వీద్ చేశారు’ అని ముందే సంబరపడేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. బతికున్న మనిషి గురించి చెప్పాల్సొస్తే ‘షి ప్లాన్స్ టు బిక్వీద్’ అనో, ‘షి హాజ్ లెఫ్ట్ ఇట్ టు హిమ్ ఇన్ హర్ విల్’ అనో అంటే ఏ గొడవా ఉండదు.

సరే, ఈ మాట ఎక్కడ్నించి వచ్చిందో చూద్దాం, నాకు ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కొంచెం సాగదీస్తాను, ఏమనుకోకండి. ప్రాచీన ఇంగ్లిష్‌లో క్వెథన్ అని ఒక క్రియ ఉండేది, అంటే చెప్పడం, పలకడం. దాని ముందు బి చేరితే బిక్వెథన్, ఫలానా దాని గురించి చెప్పడం. పాత ఇంగ్లిష్ పద్యాల్లో ‘క్వోత్ హి’ అని కనిపిస్తుంది, ‘అనెను’ అన్నట్టు, ఆ క్వోత్ దీనికి స్వయానా తోబుట్టువు. అంటే మనం ఆస్తి ‘రాసిచ్చాడు’ అంటాం, వాళ్ళ మాట మొదట్లో ఆస్తి ‘చెప్పిపోయాడు’ అన్నట్టన్నమాట. అప్పట్లో అసలు పని నోటితోనే జరిగేది. మనిషి సాక్షుల ముందు నా తర్వాత ఇది వీళ్ళకి, అది వాళ్ళకి అని చెప్పేవాడు, ఆ చెప్పడమే వీలునామా, కాగితం మీద ఎవరైనా రాసిపెడితే అది ఆ చెప్పినదానికి గుర్తు మాత్రమే. నోటిమాటకి అంత విలువుందా అంటే ఉంది. కాకపోతే నోటిమాటతో వచ్చే తంటాలు మనకి తెలియనివా, పోయినాయన ఏం చెప్పాడో ఒక్కో కొడుకుకి ఒక్కోలా వినపడుతుంది. అందుకని ఇంగ్లాండులో మెల్లమెల్లగా బిగించుకుంటూ వచ్చారు. 1677లో చేసిన చట్టం భూమి సంగతైతే తప్పకుండా రాతలోనే ఉండాలి, సాక్షులుండాలి అంది. 1837లో వచ్చిన విల్స్ యాక్ట్ సంతకం ఉండాలి, ఇద్దరు సాక్షులు ఒకేసారి ఎదురుగా ఉండాలి అని అన్ని ఆస్తులకీ ఒకే రూల్ పెట్టింది. అందులోనూ యుద్ధంలో ఉన్న సైనికులకీ సముద్రం మీదున్న నావికులకీ మినహాయింపు ఇచ్చారు, వాళ్ళు చెప్పినా చాలు. బిక్వీద్ అనే మాటకి పుట్టుకతో వచ్చిన అర్థం ఇంకా మిగిలుంది ఆ ఒక్క మూలలోనే.

ఇప్పుడు ఇంకో క్రియ పక్కన పెట్టుకోవాలి, డివైజ్. ప్లాన్ డివైజ్ చేశారు అంటాం కదా, అదే మాట, అదే స్పెల్లింగు. మూలం లాటిన్‌లో పంచడం, విడగొట్టడం. లాయర్ల భాషలో డివైజ్ అంటే భూమీ ఇల్లూ లాంటి స్థిరాస్తిని వీలునామాతో ఇవ్వడం, బిక్వీద్ అంటే డబ్బు, నగలు, సామాను, పుస్తకాలు, ఇలాంటి చరాస్తిని ఇవ్వడం. ఎందుకీ రెండు మాటల గోల అంటే ఆ దేశంలో రెండు రకాల ఆస్తికి రెండు దారులుండేవి. సామాను సంగతి చర్చి కోర్టులు చూసుకునేవి, చనిపోయేవాడు చెప్పిన ప్రకారం పంచేవాళ్ళు. భూమి మాత్రం మామూలు చట్టం కింద సాధారణంగా పెద్దకొడుక్కి పోవాల్సిందే, వీలునామాలో రాస్తానంటే కుదిరేది కాదు. జనం ఊరుకుంటారా, నమ్మకస్తుల పేర పెట్టి వాళ్ళ ద్వారా తమకి కావాల్సినవాళ్ళకి చేరేలా ఏర్పాట్లు చేసుకున్నారు. దానివల్ల రాజుకి రావాల్సిన బకాయిలకి గండి పడింది. ఎనిమిదో హెన్రీ ఆ దారి మూసేశాడు, మూసేసరికి భూములున్న పెద్దలు మండిపడ్డారు, చివరికి 1540లో స్టాట్యూట్ ఆఫ్ విల్స్ అనే చట్టం చేసి, చాలావరకు భూమిని కూడా వీలునామాలో రాసుకోవచ్చు అని ఒప్పుకున్నాడు. చట్టం మారింది గానీ మాటలు రెండూ అలాగే ఉండిపోయాయి, లాయర్లు ఏ మాటనీ పారేసే రకం కాదు కదా, ‘గివ్, డివైజ్ అండ్ బిక్వీద్’ అని మూడూ కలిపి రాయడం మొదలెట్టారు, ఏదో ఒకటి తగులుతుందని.

ఇదంతా ఊరికే పుస్తకాల్లో ఉన్న తేడా అనుకోకండి, షేక్స్‌పియర్ వీలునామా చూడండి. 1616 మార్చిలో రాయించాడు, ఆ ఏప్రిల్లోనే పోయాడు. నాటకాలు పక్కన పెట్టండి, ఈ కాగితంలో క్రియలు మాత్రం చూడండి. చిన్న కూతురు జూడిత్‌కి డబ్బు ఇచ్చేచోట ‘గివ్ అండ్ బిక్వీద్’ అని ఉంది. పెద్ద కూతురు సుసానాకి న్యూ ప్లేస్ అనే తన పెద్ద ఇల్లూ భూములూ ఇచ్చేచోట ‘గివ్, విల్, బిక్వీద్ అండ్ డివైజ్’ అని నాలుగు క్రియలు ఉన్నాయి, స్థిరాస్తి కదా, డివైజ్ వచ్చి కూర్చుంది. ఇక భార్య దగ్గరికొచ్చేసరికి, ఆ ప్రసిద్ధమైన ‘రెండో మంచి మంచం’, అక్కడ ఉత్త ‘గివ్’ ఒక్కటే, అదీ రెండు లైన్ల మధ్య తర్వాత ఇరికించి రాసినట్టుంటుంది. దానిమీద వందల ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు, భార్య అంటే ఇష్టం లేదని కొందరు, మంచి మంచం చుట్టాలకి వేసేవాళ్ళు కాబట్టి ఈ రెండోదే దంపతుల మంచం అని కొందరు. నేనైతే ఒక్క క్రియని పట్టుకుని కాపురం ఎలా ఉండేదో చెప్పలేను, కానీ ఆ గుమాస్తా పెన్ను డబ్బుకి ఒకలా ఇంటికి ఒకలా కదలడం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకోటి, ఆ మంచం ‘విత్ ది ఫర్నిచర్’ ఇచ్చాడు, అక్కడ ఫర్నిచర్ అంటే కుర్చీలూ బల్లలూ కాదు, ఆ మంచానికున్న పరుపూ తెరలూ.

ఇవాళ మీరు ఈ తేడా పాటించాలా? లాయరైతే మీ దేశపు చట్టం ఏ మాట వాడితే అదే వాడండి. కొన్నిచోట్ల చట్టాలు ఈ తేడానే ఎత్తేశాయి, అమెరికాలో యూనిఫామ్ ప్రొబేట్ కోడ్ అని ఉంది, అది రెండిటికీ కలిపి డివైజ్ అనేస్తుంది. మామూలు రాతలో మాత్రం భూమికి కూడా హాయిగా బిక్వీద్ అనొచ్చు. బీట్రిక్స్ పాటర్ అని పిల్లల కథలు రాసి బొమ్మలు వేసినావిడ 1943లో పోయింది, 4,000 ఎకరాలకు పైగా భూమి, దాంతోపాటు పొలాలూ ఇళ్ళూ బ్రిటన్‌లో పాత కట్టడాల్నీ ప్రకృతి స్థలాల్నీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి వదిలిపెట్టింది, అక్కడ ‘బిక్వీద్డ్’ అని రాస్తే ఎవరూ మిమ్మల్ని ఆపరు.

వాక్యంలో ఎలా పెట్టాలో త్వరగా చెప్పేస్తాను. వస్తువు ముందు, తర్వాత ‘టు’, తర్వాత మనిషి: ‘షి బిక్వీద్డ్ హర్ బుక్స్ టు ది లైబ్రరీ’. లేదా మనిషి ముందు, వస్తువు తర్వాత, అప్పుడు ‘టు’ వద్దు: ‘హి బిక్వీద్డ్ హిజ్ నీస్ ఎ హౌస్’. ‘విత్’ మాత్రం పెట్టకండి, ‘బిక్వీద్డ్ హర్ విత్ ఎ హౌస్’ అని చాలామంది రాస్తున్నారు, అది ఎండౌ, అంటే ఒకరికి ఆస్తో నిధో సమకూర్చడం, ఆ క్రియకి చెల్లుతుంది, దీనికి చెల్లదు. ‘ఫ్రమ్’ కూడా దీనికి పొసగదు, అది తీసుకునేవాడి వైపు మాట. నామవాచకం బిక్వెస్ట్. బిక్వీద్‌మెంట్ అని ఎక్కడైనా కనిపిస్తే తప్పని కాదు గానీ చదవడానికి బరువు. బిక్వీదల్ అని ఇంకోటుంది, అదీ అరుదే, కానీ బ్రిటన్‌లో కొన్ని మెడికల్ స్కూళ్ళు చదువు కోసం శరీరం ఇచ్చిపోయే పద్ధతికి ఆ మాటే వాడతాయి. ఒకటుంది, బిక్వీద్ బరువైన మాట. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ‘మా అమ్మమ్మ నాకు గాజులు బిక్వీద్ చేసింది’ అని ఇంగ్లిష్‌వాడు కూడా అనడు, లీవ్ అంటాడు, ‘షి లెఫ్ట్ మీ హర్ బ్యాంగిల్స్’. లీవ్‌తో జాగ్రత్తగా ఉండాలి, ‘హి లెఫ్ట్ హర్ ఎ ఫార్చ్యూన్’ అంటే ఆమెకి బోలెడు ఆస్తి మిగిల్చి పోయాడు, ‘హి లెఫ్ట్ హర్’ అని అక్కడే ఆపేశారా, ఆమెని వదిలేసి వెళ్ళిపోయాడు. చివరి రెండు మాటలు మింగేస్తే సంసారం కూలిపోతుంది.

ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా బిక్వీద్ చెయ్యొచ్చు. జేమ్స్ స్మిత్‌సన్ అని ఇంగ్లిష్ శాస్త్రవేత్త, 1826లో వీలునామా రాశాడు, ఆస్తి ముందు మేనల్లుడికి, ఆ మేనల్లుడు పిల్లలు లేకుండా పోతే మొత్తం అమెరికాకి, వాషింగ్టన్‌లో జ్ఞానం పెంచి పంచే సంస్థ ఒకటి పెట్టడానికి. ఆ వీలునామాలో వాడిన క్రియ కూడా బిక్వీదే. ఆయన ఒక్కసారి కూడా అమెరికాలో అడుగుపెట్టలేదు. 1829లో ఆయన పోయాడు, 1835లో మేనల్లుడు పిల్లల్లేకుండా పోయాడు. అప్పుడు అమెరికాలో ఎవడో విదేశీయుడి డబ్బు తీసుకోవచ్చా అని పెద్ద చర్చ, తర్వాత ఒకాయన్ని లండన్ పంపి కోర్టులో వ్యవహారం తేల్చుకుని 1838లో లక్షకు పైగా సవరన్లు, అంటే ఇంగ్లిష్ బంగారు నాణేలు, ఓడలో తెచ్చుకున్నారు, సంస్థ పెట్టడానికి ఇంకో ఎనిమిదేళ్ళు పట్టింది, 1846. ఇవాళ వాషింగ్టన్‌లో మ్యూజియాలు నడిపే స్మిత్‌సోనియన్ అని చూస్తున్నామే, అదే.

ఇక అవతలి పక్కకి వద్దాం. ఇచ్చేవాడిది బిక్వీద్ అయితే పుచ్చుకునేవాడిది ఇన్హెరిట్. మనం ‘వారసత్వంగా వచ్చింది’ అంటాం, ఆస్తే నడుచుకుంటూ వస్తుంది, మనిషి కూర్చునే ఉంటాడు. ఇంగ్లిష్‌లో మనిషే కర్త, ‘ఐ ఇన్హెరిటెడ్ ఎ హౌస్’, ఏదో పెద్ద పని చేసినట్టు. నిజానికి వాడు చేసిందేమీ లేదు, పుట్టడం తప్ప. మనకీ అలాంటి క్రియ ఒకటుంది, తెలుగు బైబిల్లో ‘స్వతంత్రించుకొను’ అని, సాత్వికులు భూలోకాన్ని స్వతంత్రించుకుంటారు అనేచోట, ఇంగ్లిష్‌లో అక్కడ ఇన్హెరిటే. ఇప్పుడు అక్కడ పోయిందెవరు? ఎవరూ పోలేదు. అదే తేడా. ఇన్హెరిట్ చావు కట్టు తెంచుకుని బయటికొచ్చేసింది. అన్న పాత సైకిల్ నాకొచ్చిందనుకోండి, ఐ ఇన్హెరిటెడ్ ఇట్ అంటాను, అన్న గుండ్రాయిలా ఉన్నాడు. కళ్ళు అమ్మ దగ్గర్నుంచి ఇన్హెరిట్ అయ్యాయి అంటాం, అమ్మ కళ్ళు అమ్మకే ఉన్నాయి, అక్కడ జరిగేది బదిలీ కాదు, కాపీ. ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళు క్లాస్ అని కోడ్‌లో ఒక అచ్చులాంటిదాన్ని అంటారు, చైల్డ్ క్లాస్ పేరెంట్ క్లాస్ నుంచి ఇన్హెరిట్ చేసుకుంటుంది అంటారు, పేరెంట్ క్లాస్ దేన్నీ పోగొట్టుకోదు. బిక్వీద్ మాత్రం ఆ కట్టు తెంచుకోలేదు, దాన్ని ఆలంకారికంగా వాడినా ఎవరో ఒకరు వెళ్ళిపోయుండాలి. పదవి దిగిపోయిన ప్రభుత్వం కొత్త ప్రభుత్వానికి అప్పులు ‘బిక్వీద్’ చేసింది అంటారు, ఒక తరం తర్వాతి తరానికి తన పద్ధతులు బిక్వీద్ చేసింది అంటారు. మొదటిదాంట్లో వెటకారం ఉంది, బరువైన మాటని చెత్త వ్యవహారానికి తగిలించడం, అది నాకు నచ్చుతుంది. రెండోది ఎడిటోరియల్స్‌లో మరీ అరిగిపోయింది, మీరు రాసేటప్పుడు హ్యాండ్ డౌన్ అనో పాస్ ఆన్ అనో సరిపెట్టుకోండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ, అమ్మా, చెప్పండి... వెనకవాళ్ళకి వినపడలేదేమో, నేను చెప్తాను, ఆవిడ అడుగుతున్నది వీలునామా లేకుండా పోతే బిక్వీద్ అనొచ్చా అని. అనకూడదు. వీలునామా లేకపోతే పంచేది చట్టం, ఆ పోయినాయన కాదు. దాన్ని డైడ్ ఇంటెస్టేట్ అంటారు. పిల్లలు ఇన్హెరిట్ చేస్తారు, అది సరైనదే, కానీ నాన్న బిక్వీద్ చెయ్యలేదు. ప్రతి బిక్వెస్ట్‌కీ ఒక పుచ్చుకునేవాడు ఉంటాడు గానీ ప్రతి ఇన్హెరిటెన్స్‌కీ ఒక బిక్వెస్ట్ ఉండదు.

ఇంకోటి? బాబూ, నువ్వు... ఆ, మంచి ప్రశ్న. ఇన్హెరిట్ పుచ్చుకునేవాడి పని అన్నారు, మరి డిసిన్హెరిట్ అంటే తండ్రి కొడుక్కి ఆస్తి లేకుండా చెయ్యడం కదా, అది ఇచ్చేవాడి పని ఎలా అయింది అంటున్నాడు. ముందు డిస్ తగిలించినంత మాత్రాన కర్త ఎందుకు మారాలి? కారణం ఏంటంటే, ఇన్హెరిట్ మొదట్లో రెండు వైపులా నడిచేది. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన కొత్తలో దానికి వారసుణ్ణి చెయ్యడం అనే అర్థం కూడా ఉండేది, అంటే తండ్రి కొడుకుని ఇన్హెరిట్ చెయ్యొచ్చు. ఆ అర్థం కాలక్రమాన వాడుకలోంచి పోయింది, పుచ్చుకోవడం ఒక్కటే మిగిలింది. డిసిన్హెరిట్ మాత్రం ఆ పాత అర్థం మీదే కట్టింది, అది అలాగే ఉండిపోయింది. అందుకే ‘హి డిసిన్హెరిటెడ్ హిజ్ సన్’ కరెక్టు, ‘ది సన్ డిసిన్హెరిటెడ్ ది హౌస్’ అంటే అర్థం లేదు, కొడుకు గురించి చెప్పాలంటే ‘వాజ్ డిసిన్హెరిటెడ్’ అనాలి. ఇంట్లో మాట్లాడుకునే ఇంగ్లిష్‌లో అయితే ‘కట్ హిమ్ అవుట్ ఆఫ్ ది విల్’ అంటారు.